సమ్మయ్య కారు

ప్రభుత్వం మీద ప్రజలకు నమ్మకం సన్నగిల్లుతున్నదని పెద్దలు అప్పుడప్పుడు వాపోతుంటారు. వారి బాధలో న్యాయం ఉన్నది, ఎందుకంటే ఈ విషయంలో తప్పంతా ప్రజలదే. దరఖాస్తు తిరస్కరించబడినదని తెర మీద కనబడిన తరువాత కూడా మన జనం ఇంటికి పోరు. కిటికీ పట్టుకొని నిలబడి, ‘ఎందుకు?’ అని అడుగుతారు. ఈ దురలవాటు మానితే తప్ప సాంకేతిక పాలన ముందుకు సాగదని నా దృఢమైన అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు హనుమకొండలో ఒక మీసేవ కేంద్రం ముందు కలిగింది. నా కంటే ముందు వరుసలో కొత్తవాడ జంపఖానా నేత కార్మికుడు ఒకాయన ఉన్నాడు. పేరు సమ్మయ్య అనుకుందాం. నలభై ఏళ్ళు మగ్గం మీద పేకలు కొట్టిన ఆయన వేళ్ళు నున్నగా అరిగి, బాగా వాడిన సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి. కంట్రోల్ దుకాణంలో మిషన్ మీద బొటనవేలు పడకపోతే చూపుడువేలు, అది పడకపోతే ఉంగరపు వేలు, మధ్య మధ్య లుంగీకి తుడుచుకొని మళ్ళీ బొటనవేలు, ఇట్లా పదివేళ్ళ విచారణకు ఆయన ప్రతి నెలా హాజరవుతుంటాడట. ఈసారి వేళ్ళ దాకా పోనేలేదు. రేషన్ కార్డు సంగతి అడిగితే, కిటికీ లోపలి పిల్లవాడు తెర చూసి చెప్పేశాడు.

‘తాతా, నీ కార్డు లేదు. తీసేసిండ్రు.’

‘ఎవలు తీసేసిండ్రు బిడ్డా?’

‘ఎవలు తియ్యలే, సిస్టమే తీసేసింది. నీ పేరు మీద కారు చూపెడుతున్నది.’

సమ్మయ్య వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. ఎక్కడైనా నిలబెట్టి మరిచిపోయానేమోనన్న అనుమానం ఆయన ముఖంలో కనబడింది.

ఇక్కడ ఒక వ్యాకరణ విశేషం మనవి చేయాలి. ‘బడు’ ధాతువుతో చేసే కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని మా తెలుగు మాస్టారు నెత్తిన మొట్టి మరీ చెప్పేవారు. ఆయనకు పాలన సంగతి తెలియదు. తిరస్కరించబడినది, తొలగించబడినది, నిలిపివేయబడినది అనే మాటల్లో కర్త ఎక్కడా కనబడడు. కర్త లేని పనికి అంతకన్నా కుదిరిన క్రియాపదం ఏ భాషలోనైనా ఉంటుందా?

పాతకాలంలో ఈ సౌఖ్యం లేదు. గ్రామంలో వీఆర్వో ఉండేవాడు. ఆయన లంచం అడిగేవాడు, రేపు రమ్మనేవాడు, ఫోన్ ఎత్తేవాడు కాదు. కానీ ఫలానా సమ్మయ్యకు సైకిల్ కూడా లేదని ఆయనకు తెలుసు. ఆయన ఇల్లెక్కడో సమ్మయ్యకు కూడా తెలుసు, కనుక అవసరమైతే వాకిట్లోకి వెళ్ళి నాలుగు తిట్టి రావచ్చు. 2020లో తెలంగాణలో ఆ వ్యవస్థను రద్దు చేశారు. అవినీతి సంగతి ఎట్లా ఉన్నా, తిట్టడానికి మనిషి లేకుండా పోయాడు. తిట్టించుకునేవాడు లేని చోట కోపం ఉండదనీ, కోపం లేని చోట ఉండేది నమ్మకమేననీ తర్కశాస్త్రం ప్రకారం తేలుతుంది.

ఇక కారు సంగతి. మన రాష్ట్రంలో ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు ఉన్నది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తి పన్ను, కరెంటు బిల్లు వంటి వేర్వేరు శాఖల దస్త్రాలలోని పేర్లను, చిరునామాలను పోల్చి, ఇక్కడి మనిషి, అక్కడి మనిషి ఒక్కరేనా అని అది అంచనా కడుతుంది. అక్షరాలు అచ్చంగా కలవకపోయినా దగ్గరగా ఉంటే చాలు. ఆహార భద్రత కార్డుకు పల్లెలో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షల రూపాయల ఆదాయ పరిమితి ఉన్నది కాబట్టి, దాచిపెట్టిన ఆస్తి ఏదైనా ఉంటే ఇట్లా బయటపడుతుందని ఉద్దేశం. సదుద్దేశమే, నేను వ్యంగ్యంగా అనడం లేదు. బంగళాలున్నవారు తెల్లకార్డులు పెట్టుకొని తిరిగిన రోజులు నాకూ గుర్తున్నాయి.

కాకపోతే ఈ యంత్రానికి మేడారం సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రెండేళ్ళకొకసారి వనదేవతలు గద్దెలకు వచ్చే ఈ నేల మీద, మొక్కుకొని కన్న పిల్లలకు సమ్మయ్య, సారయ్య, సమ్మక్క, సారక్క అని పేర్లు పెట్టుకోవడం తరతరాల ఆచారం. ఊరికి పదిమంది సమ్మయ్యలుంటారు. వారిలో నలుగురి తండ్రి పేరు కొమురయ్య, ఇద్దరి ఇంటిపేరు ఒకటి. ఆ పేరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమస్తా ‘వై’ పెడితే, ఇంకొకడు ‘ఐ’ పెడతాడు, మూడోవాడు రెండూ పెడతాడు. ఈ పదిమందిలో కారున్న సమ్మయ్య ఎవరో సమ్మక్క తల్లికే తెలియాలి. ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. జాతరలో మా వాళ్ళు నిలువెత్తు బంగారం తూచి మొక్కు చెల్లించుకుంటారు. ఆ బంగారం బెల్లమని తెలియని యంత్రానికి ఆ కాంటా లెక్కలు కూడా అందిస్తే, వరంగల్ నుండి ములుగు దాకా ఒక్క ఇంటికీ కార్డు మిగలదు.

ఇది నా ఊహ అని కొట్టిపారేయడానికి కూడా వీలు లేకుండా పోయింది. ఒక రిక్షా కార్మికుడిని కారు యజమానిగా లెక్కగట్టి ఆయన కుటుంబానికి బియ్యం ఆపిన ఉదంతం పత్రికలకెక్కింది. 2014 నుండి 2019 వరకు రాష్ట్రంలో రద్దయిన కార్డులు 18 లక్షల పైచిలుకు. అవన్నీ తప్పుడు రద్దులని ఎవరూ అనడం లేదు. ఏవి తప్పో, ఏవి ఒప్పో ఇల్లిల్లూ తిరిగి చూడకుండానే తీసేశారన్నదే గొడవ. చివరకు 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని ఆదేశించింది. అంటే కాళ్ళున్న మనిషి నడిచి వెళ్ళి, వాకిట్లో నిలబడి, కారు ఉన్నదా లేదా అని కళ్ళతో చూడాలన్నమాట. ఇంత ప్రాచీనమైన సాంకేతికతను మన అత్యున్నత న్యాయస్థానం సిఫారసు చేయడం నన్ను కలవరపెట్టింది.

విదేశాల్లోనూ ఇట్లాంటివి జరిగాయి కానీ, అక్కడి ప్రభుత్వాలకు ఓపిక తక్కువ. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది తల్లిదండ్రుల మీద మోసగాళ్ళని ముద్ర వేసిన వ్యవహారం బయటపడ్డాక, 2021 జనవరిలో మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ఒక సర్వర్ డౌన్ అయిందని చెప్పి ఉంటే సరిపోయేది. పాపం, వారికి తట్టలేదు.

మన ఓరుగల్లు చరిత్రలో కూడా పాలనా విషయంగా ఒక పెద్ద పొరపాటు జరిగింది. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాగేసుకునే రోజుల్లో, కాకతీయ గణపతిదేవుడు అట్లా చేయనని సముద్ర వర్తకులకు మాట ఇచ్చి, 1244–45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. సుంకం ముప్పయ్యింట ఒక వంతు అని అందులోనే ప్రకటించాడు. రాతి మీద చెక్కించాడు కాబట్టి దాన్ని ఎవరైనా చదవవచ్చు, చదవరానివాడు చదివించుకోవచ్చు, గుంజుకోబోయిన సుంకరికి చూపించి నిలదీయవచ్చు. రాజుగారికి ఎంత ఇబ్బంది! ఇప్పటివారు ఆ పొరపాటు చేయలేదు. సమగ్ర వేదిక ఎట్లా లెక్కగడుతుందో, దాని సోర్స్ కోడ్ చూపించమని సమాచార హక్కు చట్టం కింద విలేకరులు అడిగితే ఇవ్వలేదు. సమ్మయ్య ఇంటి కరెంటు బిల్లు యంత్రానికి తెలియాలి గానీ, యంత్రం లెక్క సమ్మయ్యకు ఎందుకు? నమ్మకం అంటే ఇదే కదా. యంత్రం సమ్మయ్య బొటనవేలిని కూడా నమ్మదు, సమ్మయ్య మాత్రం యంత్రాన్ని మొత్తంగా నమ్మాలి.

మళ్ళీ కిటికీ దగ్గరికి వస్తాను. నా పని పక్కన పెట్టి ఆయన తరఫున నేనే అడిగాను. కారు లేదని రుజువు చేయాలంటే ఏం కావాలి? కారు లేనట్టు రవాణా కార్యాలయం నుండి పత్రం తెమ్మన్నాడు పిల్లవాడు. ఆ పత్రానికి ఏం కావాలి? ‘కారు నంబరు కావాలె సార్,’ అన్నాడు. నంబరు ఇక్కడ కనబడదా? కనబడదు, ఉన్నదని మాత్రమే కనబడుతుంది. పిల్లవాడిని అని లాభం లేదు. ఆ కుర్రాడికి కనబడేది కూడా మనకు కనబడే తెరే, కాకపోతే అటువైపు నుండి చూస్తున్నాడు.

చివరికి ఒక ఫిర్యాదు నమోదు చేద్దామన్నాడు. ఫిర్యాదు రకాల జాబితాలో ‘కారు లేదు’ అన్నది లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నదని ‘వాహన వివరాల సవరణ’ ఎంచుకొని, నలభై అయిదు రూపాయలు తీసుకొని, రశీదు చేతిలో పెట్టాడు. మేము చౌరస్తాకు చేరక ముందే సమ్మయ్య ఫోన్ మోగింది. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని సందేశం. కళ్ళజోడు లేదని ఆయన నాతో చదివించుకున్నాడు. రశీదును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొని, కాసేపు ఏమీ మాట్లాడకుండా నడిచాడు.

‘సారూ,’ అన్నాడు ఆటో ఎక్కబోతూ, ‘కారు ఏ రంగుదో గూడ సూడొచ్చునా అండ్ల?’