చెప్పాపెట్టకుండా వెళ్లిపోకండి

నలభై ఐదో ఏడు దాటాక ఏదో ఒక రాత్రి ‘ఇక నా బతుకు ఇంతేనా’ అనిపించడం వింతేమీ కాదు. దిగులు పడాల్సింది ఆ తరవాత జరిగేదాని గురించి. మాటలు తగ్గుతాయి, మనిషి ఇంట్లో ఉంటూనే లేనట్టు తిరుగుతారు, చివరికో రోజు బ్యాగు సర్దుకుని వెళ్లిపోతారు. ఇందులో ఆడా మగా తేడా లేదు. విడిపోవద్దని నేను అనను, ముగియాల్సిన కాపురాలూ ఉంటాయి. కొట్టే ఇంట్లోంచైతే చెప్పకుండానే బయటపడాలి, ఈ సలహా వాళ్లకు కాదు. మిగతావాళ్లు మాత్రం చెప్పాపెట్టకుండా వెళ్లడం తప్పు.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నిద్ర చెడడం, చిరాకు, దేనిమీదా మనసు పోకపోవడం రెండు వారాలుగా దాదాపు రోజూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రంలో 27కి 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే వివరంగా చూపించుకోవాలి. ఇవే ఇబ్బందులు వేరే జబ్బుల వల్లా రావచ్చు: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, గట్టిగా గురక పెట్టేవాళ్లకు స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం) పరీక్ష ఉన్నాయి. నలభైల్లో ఉన్న ఆడవాళ్లు నెలసరి ఆగే ముందు వచ్చే మార్పుల గురించీ అడగాలి. చావాలనే ఆలోచన వస్తుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొకటి ఉంది, ఇంటివాళ్లకు తెలియాల్సింది. పొదుపరి అయిన మనిషి ఉన్నట్టుండి డబ్బు తగలేస్తూ, ఎదుట ఎవరు ఏడ్చినా చలించకుండా, నలుగురిలో నోటికొచ్చినట్టు మాట్లాడుతుంటే అది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా, అంటే మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే జబ్బు కావచ్చు. అరుదైన జబ్బే, కానీ ఎక్కువగా 45–65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. మొదట్లో జ్ఞాపకశక్తి చాలావరకు బాగానే ఉంటుంది కాబట్టి బుద్ధి చెడిందనే అనుకుంటారు. గుణమే మారిపోతే న్యూరాలజిస్టుకు చూపించండి.

జబ్బేదీ లేదని తేలితే క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని మూడు నెలలు ఆగమంటాను. ఈలోగా ఉద్యోగం మానొద్దు, ఉమ్మడి ఖాతా తాకొద్దు, కొత్త బంధంలోకి దిగొద్దు. వారానికో గంట కౌన్సెలర్‌తో కూర్చోండి. కాపురం మీద విసుగనుకున్నది ఉద్యోగం మీద విసుగని, లేదా అమ్మానాన్నలు పోయాక పట్టుకున్న భయమని అక్కడ బయటపడొచ్చు. చాలా దేశాల లెక్కల్లో జీవితం మీద తృప్తి నలభైల్లో అడుగుకు చేరి మళ్లీ పెరుగుతుందని 2008లో ఆర్థికవేత్తలు బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ చూపారు. అది సగటు మాటే అయినా ఆగడానికి ఒక కారణం.

అప్పటికీ వెళ్లాలనే ఉంటే పిల్లలకు ఇద్దరూ కలిసి చెప్పండి. సెలవు రోజు పొద్దున్నే చెప్పండి, పడుకోబోయే ముందు వద్దు. ఎవరు ఎక్కడుంటారు, బడి మారుతుందా, మళ్లీ ఏ రోజు కలుస్తారు అన్నవి తేల్చి చెప్పాలి. ‘ఇది నీ వల్ల కాదు’ అన్న మాట వాళ్లు అడగకముందే రావాలి. ‘అప్పుడప్పుడూ వస్తాలే’ అనకండి. శనివారం పదింటికని చెప్పి పదిన్నరకు వస్తే, ఆ అరగంటా చెప్పులేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల వచ్చే శనివారం చెప్పులు వేసుకోదు. బతికున్న మనిషే ఇలా అందకుండా పోతే కలిగే దుఃఖానికి అమెరికా కుటుంబ చికిత్సకురాలు పాలిన్ బాస్ 1970లలో ‘ఆంబిగ్యుయస్ లాస్’ (ఎటూ తేలని ఎడబాటు) అని పేరు పెట్టారు. దానికి ఏడుపు ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు.

డబ్బు సంగతి కాగితం మీద పెట్టండి. ఇంటి లోను, కరెంటు, ఫోను, బీమా, ఫీజులు ఏ ఖాతా నుంచి ఏ తేదీన పోతున్నాయో రాసి ఇద్దరూ చెరో ప్రతి ఉంచుకోండి. వెళ్లినవాళ్లు కార్డు మార్చగానే ఆటో డెబిట్ ఆగి బీమా రద్దయితే, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు ఆసుపత్రి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

కొన్నాళ్లకు తిరిగి రావాలనిపిస్తే సూట్‌కేసుతో గుమ్మం ముందు నిలబడకండి. పిల్లలకు మాటిచ్చిన శనివారాలు రెండు నెలలు తప్పకుండా నిలబెట్టుకుని, అప్పుడు అడగండి. ఈలోగా ఆ ఇల్లు మీరు లేకుండా రోజు గడపడం నేర్చుకుని ఉంటుంది. మళ్లీ చోటివ్వాలో వద్దో వాళ్లే చెప్పాలి.