పంచదార గ్లాసు ఎందుకు తేరలేదు?

జూలైలో గోదావరి ఎర్రబడగానే మా వైపు ఇళ్లలో రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి పులస గురించి. రెండోది "ఎర్రనీరు వచ్చేసింది, పటిక ఉందో లేదో చూడండి" అని. కిందటేడు అలాంటి రోజునే, మూడో తరగతి చదివే నా మేనకోడలు వాళ్ల అమ్మమ్మ బిందెలో పటిక తిప్పడం చూసి అడిగింది: "మావయ్యా, పటిక మట్టిని తినేస్తుందా?"

జవాబు నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. కాలువ నీళ్లు మూడు గాజు గ్లాసుల్లో పోసి అరుగు మీద పెట్టాం. ఒకటి ఉత్త నీళ్లు. ఒకదాంట్లో పటిక తిప్పాం. మూడోదాంట్లో రెండు చెంచాల ఉప్పు వేశాం. పటిక గ్లాసులో కాసేపటికే మట్టి దూదిపింజల్లా ముద్దకట్టి అడుక్కి దిగడం మొదలైంది. సాయంత్రానికి ఉప్పు గ్లాసూ తేరింది. ఉత్త నీళ్లు మాత్రం మర్నాడు పొద్దున్నకి కూడా మసగ్గానే ఉన్నాయి.

"ఉప్పు బరువు కదా, మట్టిని కిందకి తొక్కేసింది" అంది పిల్ల. తప్పే, కానీ ఆలోచించి చేసిన తప్పు. "పంచదార కూడా బరువే కదమ్మా, అదీ వేసి చూద్దామా?" అన్నాను. నాలుగో గ్లాసు పెట్టాం. రాత్రి గడిచినా పంచదార గ్లాసు తేరలేదు. టిఫిన్ చల్లారిపోతున్నా లేవకుండా దాని ముందే కూర్చుంది. చివరికి "అయితే బరువు కాదు" అంది.

తన ఊహ తప్పని తనకు తానే కనుక్కుని, ఎవరూ తిట్టకుండా దాన్ని వదిలేసుకోవడం ఆ పిల్లకి బహుశా అదే మొదటిసారి. సైన్స్ అంటే నా దృష్టిలో ఇదే. పిల్లలకి సైన్స్ మీద ఇష్టం కలగాలంటే ఖరీదైన కిట్లు కొనాలనీ, ఏదో క్లాసులో చేర్పించాలనీ అనుకుంటాం. అసలు లోటు అక్కడ లేదు. మనం జవాబు చెప్పే పద్ధతిలో ఉంది.

"పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అని నోరు మూయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ తప్పు అందరికీ కనబడుతుంది. చదువుకున్న ఇళ్లలో జరిగేది అంత తేలిగ్గా కనబడదు. పిల్ల అడగడం ఆలస్యం, మనం ఫోన్ తీసి జవాబు చదివేస్తాం. పిల్లకి ఊహించే వ్యవధి ఉండదు, తప్పు చేసే అవకాశమూ ఉండదు. ఈ రెండోదే నాకు ఎక్కువ భయం.

దీనికి తోడు ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు. నేను తల్లిదండ్రుల్ని తప్పుపట్టను. చేలో వరి పడిపోయినా, చెరువులో రొయ్య పోయినా సంసారం తలకిందులయ్యే చోట ఒక ఇంజనీరింగ్ సీటు ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ ఆ క్లాసుల్లో వేసే ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే అచ్చయి ఉంటుంది. ఇంట్లో అయినా, జవాబు ఇంకా ఎవరూ చెప్పని ప్రశ్న ఒకటి పిల్ల చేతిలో ఉండాలి.

"మేం చదువుకోలేదండి, మేమేం చెప్తాం" అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని లేచి ఏరియేటర్లు తిప్పే రైతుకి, కిరణజన్య సంయోగక్రియ ఆ పేరుతో తెలియకపోవచ్చు. చీకట్లో నాచు ఆక్సిజన్ వదలదు సరికదా, ఉన్నది వాడుకుంటుంది. ఆ సంగతి ఆయన చెరువు గట్టు మీద నేర్చుకున్నాడు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువని మత్స్యకారులకి ఎవరూ పాఠం చెప్పలేదు. ఆత్రేయపురంలో కుండ ఎంత కాగితే పూతరేకు చిరగకుండా లేస్తుందో అక్కడి ఆడవాళ్ల చేతికి తెలుసు. వీళ్లంతా "నువ్వేమనుకుంటున్నావు?" అని పిల్లని ఒక్కసారి అడిగితే చాలు, మిగతాది నడుస్తుంది.

ఇక ఉప్పు సంగతి. సన్నటి బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. ఉప్పు కరిగితే, పటిక కరిగితే వచ్చే ధనావేశపు అయాన్లు, అంటే ఆవేశం ఉన్న అతి సన్నటి కణాలు, ఆ నెట్టుడుని తగ్గిస్తాయి. రేణువులు అతుక్కుని ముద్దకట్టి దిగిపోతాయి. పంచదార కరిగినా అయాన్లు ఇవ్వదు. గోదావరి సముద్రంలో కలిసే చోటా ఇదే జరుగుతుంది. ప్రవాహం నెమ్మదించడం, ఉప్పునీరు తగలడం, రెండూ కలిసి ఒండ్రుని దింపుతాయి. గౌతమికీ వశిష్ఠకీ మధ్య ఉన్న కోనసీమ నేల వేల ఏళ్లుగా అలా దిగిన ఒండ్రే. పిల్లకి ఇది చెప్పింది పంచదార గ్లాసు తర్వాతే. ముందే చెప్పేసి ఉంటే ఒక చెవిన విని వదిలేసేది. ఇప్పుడు మాత్రం "అయితే మనూరి మట్టి కూడా ఇలాగే దిగిందా?" అని గ్లాసు అడుగున వేలు పెట్టి చూసింది.

మన వైపు నుంచే వెళ్లిన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నానికి గానీ గట్టెక్కలేదు. ఆయన అన్నదమ్ముల్ని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. తర్వాత అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే పనికొచ్చింది. మన జిల్లాల్ని పీడించిన బోదకాలుకి వాడే డీఈసీ మందు కూడా ఆ బృందానిదే. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి ఎవరైనా చెప్పారో ఆలోచించండి.

ఒక్క జాగ్రత్త. కాలువ నీళ్లు తేవడానికి పిల్లల్ని ఒంటరిగా పంపకండి, మీరే వెళ్లండి.

నీళ్లే కానక్కర్లేదు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మన ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో డాబా మీద నిటారుగా పెట్టిన గ్లాసుకి పక్కన నీడే ఉండదు. ముందు ఏమీ చెప్పకుండా, వారం రోజులు రోజూ నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టించండి.

మా మేనకోడలి నోట్‌బుక్‌లో ఈ ఏడాది ఎర్రనీటికి జాబితా సిద్ధంగా ఉంది: బెల్లం, నిమ్మరసం, చిల్లగింజ. వెనకటికి కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేర్చేవాళ్లమని అమ్మమ్మ చెప్పింది. ఆ గింజ కోసం ఇంకా వెతుకుతున్నాం.