బతికున్నవాళ్లను అడిగి ఎక్కించండి

వంశవృక్షం ఇంటర్నెట్‌లో పెడితే పిల్లలకు మూలాలు తెలుస్తాయని ఓ వ్యాసకర్త రాశారు. ఆ మాట కాదనను. ముత్తాతల పేర్లు, గోత్రం, వలస వచ్చిన ఊరు ఎంతైనా రాయండి. బతికున్న మేనత్త పుట్టినతేదీ ఎవరిని అడిగి ఎక్కించారు? తల్లి పుట్టింటి ఇంటిపేరైతే బ్యాంకులు ఖాతాదారును నిర్ధారించుకోవడానికి అడిగే పాత ప్రశ్న!

ఫ్యామిలీసెర్చ్ వంటి వంశవృక్షాల వెబ్‌సైట్లలో బతికున్నవారి వివరాలు అందరికీ కనిపించవు, నిజమే. మరణించినట్టు నమోదైతే ఆ తెర తొలగిపోతుంది. మా వాళ్ల చెట్టులో నిక్షేపంగా ఉన్న పెదనాన్నగారిని ఎవరో ‘కీర్తిశేషులు’ చేసేశారు. దిద్దించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

2023లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ సంస్థలో దొంగలు చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకే. బంధువులను కలిపే సదుపాయం పుణ్యమా అని దాదాపు 69 లక్షల మంది వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి.