లెక్కలు వస్తే లెక్కల టీచరైపోవచ్చా?

బెంగళూరులోని మన తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘సబ్జెక్టు వచ్చినవాళ్లు ఎవరైనా పాఠం చెప్పగలరు. ఇంజినీర్లు ఇంతమంది ఉండగా బీఈడీ ఎందుకు, దండగ! టీచరు శిక్షణలో ఉన్న యూనివర్సిటీ ట్రైనీలను బడిలోకి రానిస్తే మన పిల్లల సిలబస్ దెబ్బతింటుంది’ అన్నది దాని సారాంశం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఇళ్లలో ఇది ఇట్టే నమ్మబుద్ధేసే మాట. విడదీసి చూస్తే మాత్రం నిలవదు.

మొదట, సబ్జెక్టు వస్తే చాలన్న మాట. సబ్జెక్టు రాకుండా చెప్పలేరు, నిజమే. కానీ అదొక్కటే చాలదు. ముప్పావును అరతో భాగించమంటే తిరగేసి గుణించడం మనందరికీ వచ్చు. జవాబు ఒకటిన్నర. ‘భాగిస్తే తగ్గాలి కదా, ఎలా పెరిగింది?’ అని పిల్ల అడిగితే? మళ్లీ అదే రూలు అప్పజెబితే ఆ పిల్ల ఇంకెప్పుడూ అడగదు. ముప్పావు మీటరు రిబ్బను తెచ్చి, అర మీటరు ముక్కలు ఎన్నొస్తాయో కత్తిరించి చూపాలి. ఒక ముక్క పూర్తిగా వస్తుంది. మిగిలిన పావు మీటరు ఇంకో ముక్కలో సగం. ఒకటిన్నర అన్నది ముక్కల లెక్క, మీటర్ల లెక్క కాదు. అలాగే 0.5 కంటే 0.35 పెద్దదని చాలామంది పిల్లలు అంటారు, 5 కంటే 35 పెద్దది కాబట్టి. ఇలాంటి పొరపాట్లను ముందే ఊహించడం ఎమ్మెస్సీలో నేర్పరు. సబ్జెక్టు వేరు, ఆ సబ్జెక్టును బోధించడానికి కావలసిన తెలివిడి వేరు అని అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లోనే వివరించారు.

బీఈడీ దండగ అన్నదాంట్లో కొంత బాధాకరమైన నిజం ఉంది. డబ్బిచ్చి రికార్డులు రాయించుకుని, బడి గడప సరిగా తొక్కకుండానే పాసైనవాళ్లున్నారు. కానీ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలి. దాన్ని ఎగ్గొట్టనివ్వడం తప్పు. ఆ సాకుతో శిక్షణే వద్దనడం అంతకన్నా పెద్ద తప్పు.

శిక్షణ సరిగ్గా ఇచ్చే చోట్లు దూరంగా ఏమీ లేవు. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి ఉంది. మన తెలుగు పిల్లలూ అక్కడ సైన్సు, బోధన కలిపి చదువుతారు. ఆవరణలోనే బడి ఉంది. ఇక్కడ సర్జాపుర దగ్గర అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనూ నాలుగేళ్ల బీఎస్సీ బీఈడీ ఉంది. అమెరికాలోని ఆస్టిన్‌లో 1997లో మొదలైన యూటీచ్ అనే యూనివర్సిటీ టీచరు శిక్షణ కోర్సులో సైన్సు విభాగం, విద్యా విభాగం కలిసి పనిచేస్తాయి. విద్యార్థులు తొలి కోర్సులోనే నిజమైన తరగతిలో పాఠం చెబుతారు, అనుభవమున్న టీచరు వెనక కూర్చుని గమనిస్తారు.

ఇక సిలబస్ భయం. ట్రైనీని ఒంటరిగా వదిలేసి టీచరు స్టాఫ్ రూముకు వెళ్లిపోతే ఆ భయం న్యాయమే. ఇద్దరూ తరగతిలో ఉంటే, ఒకరు బోర్డు దగ్గర ఉండగా ఇంకొకరు చివరి బెంచీలో లెక్క తప్పుతున్న పిల్లాడి పక్కన కూర్చోవచ్చు. కన్నడ, తెలుగు, తమిళం ఇంట్లో మాట్లాడే పిల్లలు ఒకే గదిలో ఉండే ఈ ఊళ్లో ఆ రెండో మనిషి చాలా అవసరం. అందుకే ట్రైనీలు వస్తున్నారని బడి నుంచి నోటీసు వస్తే అడ్డం చెప్పకండి. యూనివర్సిటీ లెక్చరర్ ఎన్నిసార్లు వచ్చి పాఠం చూస్తారు, మన టీచరు తరగతిలోనే ఉంటారా అని అడగండి.