ఏరివేత ఒక్కటే కారణం కాదు

గోదావరి డెల్టా కాలువల్లో ఆల్చిప్పలు తగ్గిపోవడానికి అతిగా ఏరడమే కారణమని నేను చదివిన ఒక వ్యాసం చెబుతోంది. అది కొంతవరకు నిజమే కావచ్చు గానీ, నీటి కాలుష్యం వాటి సంతానోత్పత్తిని ఏ దశలో దెబ్బతీస్తుందో కూడా వివరించవలసింది. మగజీవి నీటిలోకి వదిలిన శుక్రకణాలను ఆడజీవి తాను పీల్చుకునే నీటితోపాటు లోపలికి తీసుకుంటుంది. పిండాలు దాని మొప్పల్లోనే ఎదిగి, గ్లొకీడియా అనే సూక్ష్మ డింభకాలుగా బయటపడి, ఏదో ఒక చేప మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు పరాన్నజీవులుగా గడిపిన తర్వాతే అడుగు బురదలోకి రాలుతాయి. చేప దొరకని డింభకం కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. కాబట్టి చేపలను చంపే కాలుష్యం ఆల్చిప్పల తరువాతి తరాన్నీ చంపినట్టే.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది అమ్మోనియా. పెద్ద ఆల్చిప్ప చిప్పలు మూసుకుని కొంతకాలం తట్టుకోగలదు, పిల్లలకు అంతటి శక్తి లేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2013లో మంచినీటి అమ్మోనియా ప్రమాణాలను కఠినం చేయడానికి ఆల్చిప్పల ఈ సున్నితత్వమే ముఖ్య కారణం. నీరు వేడెక్కి క్షారగుణం పెరిగిన కొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. మన దగ్గర వేసవిలో కాలువలకు నీరు కట్టేశాక యనమదుర్రు వంటి డ్రెయిన్లలో పలచన చేసే మంచినీరు తగ్గిపోతుంది, అమ్మోనియాను మోసుకొచ్చే ఊళ్ల మురుగూ చేపల చెరువుల నీరూ మాత్రం చేరుతూనే ఉంటాయి. నాచును చంపడానికి చెరువుల్లో వేసే మైలుతుత్తంలోని రాగి కూడా డింభకాలకు ప్రాణాంతకమే.

ఆల్చిప్పలు చాలా ఏళ్లు బతుకుతాయి గనుక, పెద్దవి కనిపించినంత మాత్రాన సంతతి సాగుతోందని అనుకోలేము. ఇకపై లెక్కించేవారు పిల్ల చిప్పలను విడిగా నమోదు చేయాలని నా విన్నపం.