ఏ శబ్దం ఏ స్పీకర్‌కి వెళ్లాలో మనమే చెప్పాలి

ఇంటి నిండా స్పీకర్లు పెట్టుకున్నాం. కానీ ఏ శబ్దం ఎందులో మోగాలన్నది మాత్రం మన చేతుల్లో లేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మొన్న విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కల్యాణ మండపంలో పెళ్లి. పురోహితుడు సంకల్పం చెప్పిస్తున్నారు, వెనకాల ల్యాప్‌టాప్ నుంచి సన్నగా వీణ. ఇంతలో అదే ల్యాప్‌టాప్‌కి వాట్సాప్ కాల్! ఆ రింగు వేదిక మీదా, కింద భోజనాల హాల్లోనూ హోరెత్తిపోయింది. సౌండ్ కుర్రాడు కంగారులో జాక్ పీకేశాడు, వీణా ఆగిపోయింది. అందరూ అతన్నే తిట్టారు. అతని తప్పేముంది? పాటనీ రింగునీ విడదీయొచ్చని అతనికి చెప్పిందెవరు?

విడదీయడం కొత్త విద్యేమీ కాదు. విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్. అందులో ప్రోగ్రాముల శబ్దాల్ని స్పీకర్లకి పంచే పల్స్‌ఆడియో అనే సౌండ్ సర్వర్, ఫెడోరా అనే లినక్స్ రకంలో 2007లో 8వ వెర్షన్ నాటికే డిఫాల్ట్‌గా వచ్చేసింది. దానికి ప్రతి ప్రోగ్రామ్ శబ్దమూ ఒక విడి స్ట్రీమ్, అంటే విడి ధార. పావుకంట్రోల్ అనే దాని కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే బ్రౌజర్‌కో వరుస, ప్లేయర్‌కో వరుస కనిపిస్తాయి. పాట మోగుతుండగానే దాన్ని ఇంకో స్పీకర్‌కి మార్చేయొచ్చు. ఆ స్పీకర్ పై అంతస్తులో వేరే కంప్యూటర్‌కి తగిలించి ఉన్నా ఇబ్బంది లేదు. అక్కడ శబ్దాన్ని నెట్‌వర్క్ మీద అందుకునే మాడ్యూల్ ఆన్ చేసి, ఇక్కడ టన్నెల్ సింక్ (శబ్దాన్ని అక్కడికి పంపే ఉత్తుత్తి స్పీకర్) పెడితే అదీ జాబితాలోకి వచ్చేస్తుంది. 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్ అనే కొత్త సౌండ్ సర్వర్‌కి మారింది. అందులో ఈ కలపడం, విడదీయడం అంతా తెర మీద బొమ్మలా చూస్తూ చేసుకోవచ్చు.

విండోస్‌లోనూ 2018 నుంచి యాప్‌కో స్పీకర్ ఎంచుకునే వీలుంది. కాకపోతే సెట్టింగుల్లో ఎక్కడో అడుగున పడేశారు.

చిక్కులూ ఉన్నాయి. వైఫై మీద శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి వీడియోకి పనికిరాదు, పాటలకి చాలు. నెట్‌వర్క్ మీద శబ్దం అందుకోడానికి పల్స్‌ఆడియో వాడే 4713 పోర్టుని (కంప్యూటర్‌లోకి ఒక ద్వారం లాంటిది) వైఫైలో ఉన్న ప్రతివాడికీ తెరిచిపెట్టకూడదు, ఫలానా కంప్యూటర్లకే అని రాసి పెట్టాలి. ఇది మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

లినక్స్‌లో ఇవన్నీ ఉచితం, పాత ల్యాప్‌టాప్ చాలు. అయినా మన ఊళ్లో సౌండ్ సిస్టమ్ అంటే ఇంకో ఖరీదైన పెట్టె కొనిపించడమే! విజయవాడ, గుంటూరుల్లో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. ఒక్క మధ్యాహ్నం ల్యాబ్‌లో ఈ సౌండ్ కుర్రాళ్లని కూర్చోబెట్టి నేర్పించలేమా? ఏ కాలేజీ అయినా గది ఇస్తే నేను వస్తాను. డబ్బులేమీ వద్దు, కామెంట్‌లో చెప్పండి.