ఎర్తింగ్ బాగానే ఉంది మహాప్రభో!

కొత్త స్పీకర్లు కొన్న రోజే టైప్ ఓ నెగటివ్ అనే అమెరికన్ బ్యాండ్ వాళ్ల 'అక్టోబర్ రస్ట్' పెట్టాను. 1996 నాటి ఆల్బమ్, గోతిక్ మెటల్‌లో, అంటే చీకటి, విషాదం నిండిన బరువైన రాక్ సంగీతంలో, పెద్ద పేరు. పెట్టగానే జుయ్‌మని ఒకటే రొద. వైర్లు పీకాను, మళ్లీ పెట్టాను. ప్లగ్గు మార్చాను. వంటింట్లోంచి అమ్మ, "మోసపోయావురా, తిరిగిచ్చెయ్" అంది. షాపువాడికి ఫోన్ చేసి నాలుగు మాటలు అనేశాను కూడా.

తీరా చూస్తే అది మొదటి ట్రాకట! పేరు 'బ్యాడ్ గ్రౌండ్', అంటే ఎర్తింగ్ బాగాలేదని; అలాంటప్పుడే స్పీకర్లు ఇలా జుయ్‌మంటాయి. 38 సెకన్లు కావాలనే ఆ రొద పెట్టి, తర్వాతి ట్రాకులో నవ్వుతూ పలకరిస్తారు. చావు, ప్రేమ, శ్మశానం అంటూ పాతాళంలోంచి వచ్చే గొంతుతో పాడిన పీటర్ స్టీల్ బృందానికి ఈ వెటకారం ఎందుకయ్యా?

పోనీ బుద్ధొచ్చిందా నాకు? 1999 నాటి 'వరల్డ్ కమింగ్ డౌన్' సీడీ పెడితే టకటకా ఒకేచోట ఇరుక్కుంది. తీసి, చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టాను. అదే టకటక. అదీ వాళ్ల వేళాకోళమే! చివర్న ఒకడు 'వెర్రివెధవా' అన్నట్టు అరుస్తాడు కూడా.

బ్రూక్లిన్‌లో కూర్చుని వాళ్లు వేసిన జోకుకి ఇక్కడ షాపువాడితో తిట్లు తిన్నది నేను. నిన్న స్పీకరు నిజంగానే జుయ్‌మంది. జోకేమో అనుకుని అరగంట కూర్చున్నాను.